పాత బ్యాండు, కొత్త ఆల్బం: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ఏళ్ల తరబడి చప్పుడు లేని రాక్ బ్యాండ్లు అరవై, డెబ్బై, ఎనభై ఏళ్ల వయసులో మళ్ళీ స్టూడియోకెళ్లి కొత్త ఆల్బం తేవడం గురించి ఈ విడత చాలా ఉత్తరాలొచ్చాయి. రాసినవాళ్లలో వినేవాళ్లున్నారు, వాయించేవాళ్లున్నారు, రికార్డులు కూడబెట్టేవాళ్లూ ఉన్నారు. ఒకే రకం ప్రశ్నల్ని కలిపి జవాబిస్తున్నాం.

ప్ర: మా అబ్బాయి ఇంజినీరింగ్ చదువుతున్నాడు. పాత బ్యాండ్ల పాత పాటలే వింటాడు. ముసలితనంలో చేసిన ఆల్బంలు డబ్బుల కోసమేనని కొట్టిపారేస్తాడు. నిజంగా వినదగ్గవి ఉన్నాయా? ఎక్కడ మొదలుపెట్టమంటారు?
– ఒక పాఠకురాలు, మల్కాజిగిరి

జ: ఉన్నాయమ్మా. ముందు మూడు వినిపించండి.

మొదటిది బ్లాక్ సబ్బాత్ ‘13’. 2013 జూన్‌లో వచ్చింది. ఆజీ ఆస్బోర్న్ గొంతుతో ఆ బ్యాండు అంతకు ముందు చేసిన స్టూడియో ఆల్బం 1978 నాటిది. నిర్మాత రిక్ రూబిన్ వాళ్లను కూర్చోబెట్టి 1970 నాటి వాళ్ల తొలి ఆల్బమే వినిపించాడు. ఆ తొలి ఆల్బం దాదాపు ఒక్క రోజులో, అందరూ కలిసి వాయిస్తుండగా రికార్డయినది. 2013లోనూ అదే పద్ధతికి రమ్మన్నాడు. గిటారిస్టు టోనీ అయోమీ అప్పటికి లింఫోమా అనే క్యాన్సర్‌కు చికిత్స తీసుకుంటున్నాడు. అయినా ఆ ఆల్బంలో గిటారు బరువు ఎక్కడా తగ్గలేదు. 1970లో ‘పారనాయిడ్’ తర్వాత బ్రిటన్‌లో వాళ్లకు మొదటి స్థానం తెచ్చిన ఆల్బం ఇదే.

లోపమూ చెప్పాలి. తొలి రోజుల్ని తలచుకోవడం కొన్నిచోట్ల అనుకరణ దాకా వెళ్లింది. నెమ్మదిగా సాగే ఒక పాట వాళ్ల 1970 నాటి ‘ప్లానెట్ కారవాన్’ నీడలోనే నడుస్తుంది. ఆల్బం ముగింపులో వినబడే వాన, ఉరుము, గంట మాత్రం తొలి ఆల్బం మొదలైన శబ్దాలే. ఆ రెండింటినీ మీ అబ్బాయికి ఒకదాని వెంట ఒకటి వినిపించండి.

రెండోది ఏసీ/డీసీ ‘పవర్ అప్’, 2020 నవంబరు. రిథమ్ గిటారిస్టు మాల్కమ్ యంగ్ 2017 నవంబరులో పోయాడు. ఆయన, తమ్ముడు ఆంగస్ ఏళ్ల తరబడి దాచుకున్న రిఫ్‌ల (పాటలో తిరిగి తిరిగి వచ్చే గిటారు బాణీల) నుంచి ఈ పాటలు అల్లారు. అందుకే అన్ని పాటలకూ రచయితలుగా ఆ ఇద్దరి పేర్లే ఉన్నాయి. మాల్కమ్ వాయించాల్సిన భాగాలు వాయించింది వాళ్ల అన్న కొడుకు స్టీవీ. మొత్తం 12 పాటలు, 41 నిమిషాలు. ఎక్కడా సాగదీత లేదు.

మూడోది రోలింగ్ స్టోన్స్ ‘హాక్‌నీ డైమండ్స్’, 2023 అక్టోబరు. 2005 తర్వాత వాళ్లు సొంత పాటలతో చేసిన మొదటి ఆల్బం. అప్పటికి మిక్ జాగర్‌కు 80 ఏళ్లు. మధ్యలో రెండు మూడు పాటలు రేడియో కోసం నున్నగా చెక్కినట్టుంటాయి. ముగింపు దగ్గర లేడీ గాగా, స్టీవీ వండర్ కలిసిన ‘స్వీట్ సౌండ్స్ ఆఫ్ హెవెన్’ ఒక్కటి విన్నా ఆల్బం కొన్న డబ్బులు గిట్టినట్టే.

మూడింటిలో మా ఓటు ‘13’కే. తమ వయసుకు సరిపడా వేగం, శ్రుతి ఎంచుకుని, వయసును దాచకుండా వాయించారు. తిరిగొచ్చిన బ్యాండ్లలో నిలబడ్డవాళ్లకూ తేలిపోయినవాళ్లకూ మాకు కనబడే తేడా ఇదే.

ప్ర: పాత ఎల్పీలు గంటసేపు విన్నా హాయిగా ఉంటుంది. అదే బ్యాండ్ల కొత్త ఆల్బంలు నాలుగో పాటకే తలనొప్పి తెస్తాయి. సౌండు తగ్గించి విన్నా అంతే. నా చెవుల లోపమా, రికార్డింగు లోపమా?
– రిటైర్డ్ ఉద్యోగి, తార్నాక

జ: మీ చెవులు సరిగ్గానే పట్టాయండీ. లోపం మాస్టరింగులో, అంటే విడుదలకు ముందు పాట స్థాయిని చివరగా సరిచేసే మెట్టులో ఉంది. చాలాసార్లు అంతకు ముందు, వాయిద్యాలన్నిటినీ కలిపే మిక్సులోనే ఉంటుంది.

డిజిటల్ రికార్డింగుకు ఒక పైకప్పు ఉంటుంది. సున్నా డెసిబెల్ దాటి పైకి పోలేదు. మామూలు రాక్ పాటలో స్నేర్ డ్రమ్ దెబ్బ పాట సగటు స్థాయి కంటే 12, 14 డెసిబెల్ పైన ఉంటుంది. ఆ ఎత్తు వల్లే దెబ్బ ‘థప్’మని తెలుస్తుంది. పాట మొత్తం గట్టిగా వినబడాలంటే సగటును పైకి తోయాలి. అప్పుడు స్నేర్‌కు పైన చోటుండదు. లిమిటర్ అనే యంత్రం ఆ దెబ్బల తలలు నరికేస్తుంది. పల్లవి, చరణం, సోలో, ఖాళీ అన్నీ ఒకే మట్టానికి వచ్చేస్తాయి. చెవికి ఊపిరి పీల్చుకునే సందు దొరకదు. మీరు వాల్యూమ్ తగ్గించినా తలలు తెగిన దెబ్బలు తిరిగి రావు కాబట్టే తలనొప్పి తగ్గడం లేదు.

దీనికి పేరుమోసిన ఉదాహరణ మెటాలికా 2008 సెప్టెంబరులో తెచ్చిన ‘డెత్ మాగ్నెటిక్’. పాత ఊపుకు తిరిగొచ్చారని అభిమానులు సంబరపడ్డ ఆల్బం. సీడీ పెడితే మాత్రం గిటార్లు చిట్లినట్టు వినిపించాయి. అదే ఆల్బం ‘గిటార్ హీరో’ వీడియో గేమ్ కోసం కూడా విడుదలైంది. గేమ్‌లో ఒక్కో వాయిద్యం విడిగా కావాలి కాబట్టి నలగని ట్రాకులు వెళ్లాయి. గేమ్ నుంచి వచ్చిన శబ్దం సీడీ కంటే శుభ్రంగా ఉందని విన్నవాళ్లు వెంటనే పట్టేశారు. తన దగ్గరికి వచ్చేసరికే మిక్సులు నలిగిపోయి ఉన్నాయని మాస్టరింగ్ ఇంజినీరు టెడ్ జెన్సెన్ ఒక అభిమానికి రాశాడు. అంటే బ్యాండు బాగానే వాయించింది, డ్రమ్ములూ బాగానే మోగాయి. చెడింది ఆ తర్వాతి మెట్టులో.

ఎందుకిలా చేస్తారంటే, ఒకే పాటను ఒక డెసిబెల్ పెంచి వినిపిస్తే పెంచినదే బాగుందని ఎవరికైనా అనిపిస్తుంది. సీడీలు మార్చి మార్చి వినే రోజుల్లో పక్క బ్యాండు కంటే తగ్గితే ఓడిపోతామన్న భయం పట్టుకుంది. చాలా ఏళ్ల తర్వాత వస్తున్న బ్యాండుకు ఆ భయం ఇంకా ఎక్కువ. ఈ పోటీ ఇప్పుడు అనవసరం. స్పాటిఫై మామూలుగా అన్ని పాటల్నీ మైనస్ 14 ఎల్‌యుఎఫ్‌ఎస్ అనే సగటు గట్టితనం కొలతకు తెస్తుంది. యాపిల్ మ్యూజిక్‌లో అది మైనస్ 16. మైనస్ 8 దగ్గర నలగ్గొట్టిన పాటను స్పాటిఫై 6 డెసిబెల్ తగ్గించే వినిపిస్తుంది. గట్టితనం పోతుంది, నలుగుడు మాత్రం మిగులుతుంది.

ఇంట్లో పరీక్షించి చూడండి. ఆడాసిటీ ఉచితంగా దొరికే సాఫ్ట్‌వేర్. మీ సీడీ నుంచి ఒక పాటను అందులో తెరవండి. తరంగం కొండలూ లోయలుగా ఉంటే మంచి మాస్టర్. ఇటుకలా నలుపలకలుగా కనిపిస్తే నలిగినదే. ఆ తర్వాత పాత పాట, కొత్త పాట రెంటినీ ఒకే స్థాయికి తెచ్చి వినండి. ఫోన్ యాప్‌లో వాల్యూమ్ నార్మలైజేషన్ ఆన్ చేస్తే అదే సరిచేస్తుంది. స్థాయి సరిచేయకుండా పోల్చడం వృథా, ప్రతిసారీ గట్టిదే గెలుస్తుంది.

ఉపశమనానికి ఈక్వలైజర్‌లో 3 నుంచి 4 కిలోహెర్ట్జ్ దగ్గర 2 డెసిబెల్ తగ్గించండి. బాస్ బూస్ట్, లౌడ్‌నెస్ బటన్లు ఆపేయండి. అదే ఆల్బం ఎల్పీ కొంటే తప్పక బాగుంటుందన్న నమ్మకం పెట్టుకోకండి. నలిగిన మాస్టర్‌నే ఎల్పీ మీద కోసినవీ ఉన్నాయి. ఔటర్ రింగ్ రోడ్డు మీద కారులో వినేటప్పుడు మాత్రం నలిగిన పాటే సుఖం. టైర్ల హోరులో మెల్లని భాగాలు ఎలాగూ మునిగిపోతాయి.

ప్ర: చనిపోయిన సభ్యుడి వాయింపు కొత్త ఆల్బంలో ఎలా వస్తుంది? కృత్రిమ మేధతో పుట్టిస్తారా?
– డిగ్రీ విద్యార్థి, నల్లకుంట

జ: మూడు దారులున్నాయి. మొదటిది, బతికుండగా రికార్డు చేసి పెట్టినదాన్ని వాడటం. రోలింగ్ స్టోన్స్ డ్రమ్మర్ చార్లీ వాట్స్ 2021 ఆగస్టులో పోయాడు. ‘హాక్‌నీ డైమండ్స్’లో రెండు పాటల్లో ఆయన వాయించినదే ఉంది, డ్రమ్స్ ఉన్న మిగతా పాటల్లో స్టీవ్ జోర్డన్ వాయించాడు. రెండోది ‘పవర్ అప్’లో లాగా చనిపోయిన సభ్యుడు కట్టిన బాణీని ఇంకొకరు వాయించడం.

మూడోదే మీరడిగినది. 2023 నవంబరులో వచ్చిన బీటిల్స్ ‘నౌ అండ్ దెన్’లో జాన్ లెనన్ గొంతు ఆయన 1970ల్లో ఇంట్లో క్యాసెట్ మీద పాడుకున్నదే. 1995లో మిగతా ముగ్గురూ ప్రయత్నించి వదిలేశారు, ఎందుకంటే క్యాసెట్‌లో కరెంటు హమ్ ఉంది, పియానో గొంతును కప్పేసింది. ఇటీవలి సాఫ్ట్‌వేర్ గొంతునూ పియానోనూ విడదీసింది. అది గొంతును పుట్టించలేదు, ఉన్నదాన్ని శుభ్రం చేసింది. ఇప్పుడు దొరికే విభజన సాఫ్ట్‌వేర్లతో మీరూ చేయవచ్చు. గొంతు బాగా విడిపోతుంది. సింబల్స్, ‘స’కారాల దగ్గర నీళ్లలోంచి వచ్చినట్టు కలకల మిగులుతుంది. దాన్ని ఒంటరిగా వినిపించకుండా కొత్త గిటారు, డ్రమ్స్ కింద కూర్చోబెడితే కప్పబడుతుంది.

ప్ర: మా గాయకుడికి 58 దాటాయి. పాతికేళ్లప్పుడు ‘ఇ’లో పాడిన పాటలు ఇప్పుడు అందడం లేదు. కీ మారిస్తే రిఫ్ పాడవుతోంది. టెంపో తగ్గిస్తే సరిపోతుందా?
– గిటారిస్టు, వెస్ట్ మారేడ్‌పల్లి

జ: టెంపో జోలికి పోకండి. వయసుతో స్వరతంతువులు పలచబడతాయి, ఊపిరి నిలుపు తగ్గుతుంది. పాట నెమ్మదిస్తే దీర్ఘాలు ఇంకా పొడుగవుతాయి, మధ్యలో ఊపిరి తెగుతుంది. శ్రుతి తగ్గించండి. వయసు పైబడ్డాక రెండు శ్రుతి నుంచి ఒకటిన్నరకు, ఒకటికి దిగే కర్ణాటక విద్వాంసులను మనం చూస్తూనే ఉన్నాం. అందులో నామోషీ లేదు.

రిఫ్ పాడవడానికి కారణం తెరిచిన తీగ. ‘ఇ’ రిఫ్‌లో కింది తీగ వేలు పెట్టకుండా మోగుతుంది. దాన్నే ‘డి’ షేపుల్లోకి మార్చితే ఆ గుంభనం పోతుంది. అందుకే షేపులు మార్చకుండా గిటారునే దించాలి. టోనీ అయోమీకి 17 ఏళ్లప్పుడు ఫ్యాక్టరీ యంత్రంలో పడి కుడిచేతి రెండు వేళ్ల కొసలు తెగాయి. ఆయన ఎడమచేతి వాటం కాబట్టి తీగలు నొక్కేది ఆ చేతితోనే. తీగలు వదులైతే నొక్కడం తేలికని 1971 నాటి ‘మాస్టర్ ఆఫ్ రియాలిటీ’లో చాలా పాటలకు మూడు అరస్వరాలు దించాడు. ఆ బరువైన శబ్దం తర్వాత ఒక సంగీతరీతికే గుర్తయింది.

లెక్క ఇదీ. అదే తీగలతో అరస్వరం దించితే బిగువు 11 శాతం, ఒక పూర్తి స్వరం దించితే 21 శాతం, మూడు అరస్వరాలైతే 29 శాతం తగ్గుతుంది. 10–46 సెట్ (తీగల మందం, అంగుళంలో వెయ్యో వంతుల్లో) వాడుతుంటే అరస్వరానికి అదే ఉంచవచ్చు. పూర్తి స్వరానికి 11–49 గానీ 11–52 గానీ వేయండి, చేతికి పాత బిగువే తగులుతుంది. బాస్‌లో కింది తీగ 41 హెర్ట్జ్ నుంచి 36.7కు దిగుతుంది. 45–105 సెట్ అక్కడ వదులుగా కొట్టుకుంటుంది. 50–110 తీసుకోండి.

తీగలు మార్చాక మూడు చోట్ల తేడా వస్తుంది. లావు తీగ మెడ కొసన ఉండే నట్ గాడిలో ఇరుక్కుంటే ట్యూన్ చేసేటప్పుడు ‘టింగ్’మని ఎగిరి శ్రుతి తప్పుతుంది. గాడిని ఆ మందానికి సరిపడే ఫైలుతో కొద్దిగా రుద్దాలి. లోతు పెంచకూడదు. పాత సన్న తీగలే ఉంచి దించితే మెడ వెనక్కి వాలి ఫ్రెట్ల మీద జరజర వస్తుంది. మెడ లోపలి ట్రస్ రాడ్ అనే కడ్డీని ఒకసారికి పావు తిప్పుకు మించకుండా వదులు చేసి, కొన్ని గంటలాగి మళ్ళీ చూడాలి. చివరగా 12వ ఫ్రెట్ దగ్గర నొక్కిన స్వరం, తెరిచిన తీగ స్వరం ట్యూనర్‌లో ఒకటిగా చూపాలి. నొక్కినది పైకి పోతే బ్రిడ్జి మీద తీగ ఆనే శాడిల్‌ను వెనక్కి జరపండి.

గాయకుడితో పాడిస్తూ శ్రుతి ఖాయం చేయండి. పాటలో అన్నిటికన్నా పై స్వరాన్ని రిహార్సల్ చివర్లో, అలసిన గొంతుతో పాడమనండి. అక్కడ అందిన శ్రుతే మీ శ్రుతి. పిచ్ కరెక్షన్ సాఫ్ట్‌వేర్‌ను పాటంతా పరచవద్దు. సగం అరస్వరం దాకా తప్పిన దీర్ఘాల్ని మాత్రం చేత్తో సరిచేయించండి. జారుడు, గరుకుతనం అలాగే ఉండనివ్వండి, ఆ గొంతు కోసమే జనం వస్తారు.

ప్ర: 1990ల్లో మాది కాలేజీ బ్యాండు. ఒక క్యాసెట్ తెచ్చాం, ఆ తర్వాత ఉద్యోగాల్లో పడి చెదిరిపోయాం. ఇప్పుడు నలుగురం మళ్ళీ హైదరాబాద్‌లోనే ఉన్నాం. పాత పాటలు కొన్ని, కొత్తవి కొన్ని కలిపి ఒక ఆల్బం చేద్దామని. పాత క్యాసెట్లు, కొన్ని అడాట్ (ఎనిమిది ట్రాకుల డిజిటల్) టేపులు ఉన్నాయి. ఏది ముందు చేయాలి?
– డ్రమ్మర్, రామ్‌నగర్

జ: ముందు టేపులు. రోజులు గడిచేకొద్దీ పాడయ్యేవి అవే.

క్యాసెట్లను విప్పకుండా వెలుతురులో చూడండి. చుట్ట అంచున తెల్లటి పొడి కనిపిస్తే బూజు. మన వానాకాలపు తేమలో బీరువా అడుగున పెట్టిన క్యాసెట్లకు ఇది మామూలే. బూజు పట్టినదాన్ని డెక్‌లో పెడితే టేపును చదివే హెడ్డు పాడై మిగతా క్యాసెట్లకూ అంటుతుంది. మాస్కు పెట్టుకుని, ఆరుబయట, పొడి మెత్తటి గుడ్డతో తుడిచి, చుట్టను మరలతో బిగించే ఖాళీ షెల్‌లోకి మార్చాలి. టేపును హెడ్డుకు ఒత్తిపట్టే ప్రెషర్ ప్యాడ్ ఊడి ఉంటే అదీ షెల్‌తో పాటే మారుతుంది.

డెక్‌కు కొత్త బెల్టు వేయించండి. కోఠీ గుజరాతీ గల్లీలో విడిభాగాల షాపుల్లో పాత బెల్టు చూపించి అదే కొలత అడగండి. హెడ్డు, పించ్ రోలర్ ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవండి. ఇప్పుడు ముఖ్యమైన మెట్టు: హెడ్డు పక్కన ఉండే, దాని కోణం సరిచేసే అజిమత్ మర. మోనోలో పెట్టి, హై హ్యాట్ వినబడే చోట మరను వెంట్రుకవాసి అటూ ఇటూ తిప్పండి. పైస్థాయి శబ్దం అన్నిటికన్నా మెరిసే చోట ఆపండి. ప్రతి క్యాసెట్‌కూ ఇది విడిగా చేయాలి, ఎందుకంటే రికార్డు చేసిన డెక్ హెడ్డు ఏ కోణంలో ఉందో దానికే ఇది సరిపోవాలి. ఈ ఒక్క పని చేయకపోవడం వల్లే ఇంట్లో మార్చిన క్యాసెట్లు కంబళి కప్పినట్టు మొద్దుగా ఉంటాయి. డాల్బీ (టేపు హిస్ తగ్గించే పద్ధతి)తో రికార్డు చేశారో లేదో గుర్తులేకపోతే డాల్బీ ఆపి 24 బిట్, 96 కిలోహెర్ట్జ్‌లో ఎక్కించుకోండి. తర్వాత సాఫ్ట్‌వేర్‌లో ప్రయత్నించవచ్చు.

అడాట్ టేపులు ఎస్-వీహెచ్‌ఎస్ క్యాసెట్లే గానీ వీసీఆర్‌లో ప్లే కావు. పనిచేసే అడాట్ యంత్రం కావాలి. ఎనిమిది ట్రాకులూ ఆప్టికల్ తీగ ద్వారా నేరుగా కంప్యూటర్‌కు తెచ్చుకోవాలి, అనలాగ్‌లో వద్దు. ఒక్కసారి మొదటి నుంచి చివరికి వేగంగా చుట్టి, మళ్ళీ వెనక్కి తెచ్చాకే ప్లే చేయండి. మధ్యలో ఎర్రర్ లైటు వెలిగితే ఆపి, హెడ్డు శుభ్రం చేసి మళ్ళీ. అదే చోట రెండుసార్లు ఆగితే బలవంతం చేయకుండా తెలిసినవాళ్ల చేతికివ్వండి. ఈ డ్రమ్ము ట్రాకుల్ని కొత్త ఆల్బంలో వాడకపోయినా, మీ పాత టెంపోలు అందులోనే ఉన్నాయి.

రిహార్సల్‌కు రెండు నెలలు పెట్టుకోండి, వారానికి రెండు పూటలు. ప్రతి పూటా గది మధ్యలో ఫోన్ పెట్టి రికార్డు చేసి, మర్నాడు వినండి. వాయిస్తున్నప్పుడు అందరికీ బాగానే ఉన్నట్టుంటుంది. పది పాటలు తయారయ్యాక ఎనిమిదితో స్టూడియోకు వెళ్లండి.

రికార్డింగు రోజుల్ని చూసుకుని ఎంచుకోండి. బోనాల ఆదివారాల్లో, వినాయక చవితి నుంచి నిమజ్జనం దాకా వద్దు. ఎంత మంచి స్టూడియో తలుపైనా వీధిలో డీజే బండి బాస్‌ను ఆపలేదు. డ్రమ్స్ పైన పెట్టే ఓవర్‌హెడ్ మైకులు మొత్తం లాగేస్తాయి.

డ్రమ్స్‌కు నాలుగు మైకులు చాలు: కిక్ ఒకటి, స్నేర్ ఒకటి, పైన రెండు. ఒక దారం తీసుకుని స్నేర్ మధ్య నుంచి పైన ఒక మైకు దాకా కొలిచి, అదే దారాన్ని రెండో మైకుకు పెట్టండి. రెండు దూరాలూ సమానంగా ఉండాలి. తేడా ఉంటే స్నేర్ దెబ్బ రెండు మైకులకు వేర్వేరు క్షణాల్లో చేరి, కలిపినప్పుడు బోలుగా వినిపిస్తుంది. మిక్సులో ఎంత తంటాలు పడ్డా అది పోదు. స్థాయి మైనస్ 12 డెసిబెల్ దగ్గర ఎగిరేలా పెట్టండి. పైన మిగిలిన చోటే తర్వాత మిమ్మల్ని కాపాడుతుంది.

నలుగురూ ఒకే గదిలో, ఒకరి మొహాలొకరికి కనబడేలా వాయించండి. ఆంప్‌లను పక్క గదిలో పెట్టి హెడ్‌ఫోన్లలో వినండి. క్లిక్‌తో (మెట్రోనోమ్ టిక్‌టిక్‌తో) వాయించే అలవాటు లేకపోతే డ్రమ్మర్‌కు మొదటి నాలుగు లెక్కలు ఇచ్చి ఆపేయండి. పల్లవిలో నిమిషానికి ఒకటి రెండు బీట్ల వేగం పెరిగినా ఫర్వాలేదు. ఒక పాటకు నాలుగైదు టేకులు. అందులో రాకపోతే ఆ పూట ఇంకో పాటకు వెళ్లండి. గొంతు మాత్రం వేరే రోజు, పొద్దున్న పది తర్వాత, 45 నిమిషాలకొకసారి విరామంతో.

ఇంట్లో రికార్డు చేస్తే గిటారులో గుయ్‌మనే మోత వస్తుంది. సన్నని జుయ్యిమనే శబ్దమైతే చాలావరకు లాప్‌టాప్ చార్జరు. తీసేసి బ్యాటరీ మీద చేయండి. లావు గుయ్యి అయితే ఎర్త్ తేడా. ఆంప్‌లు, ఇంటర్‌ఫేస్ అన్నీ ఒకే ప్లగ్ బోర్డు నుంచి తీసుకోండి, అప్పటికీ పోకపోతే గిటారుకూ ఇంటర్‌ఫేస్‌కూ మధ్య పెట్టే డీఐ బాక్స్‌లో గ్రౌండ్ లిఫ్ట్ బటన్ వాడండి. ప్లగ్‌లోని ఎర్త్ పిన్ మాత్రం విరవకండి. తీగలు పట్టుకుని మైకుకు పెదవి ఆనించిన మనిషికి షాకు కొట్టేది అలాగే. కరెంటు పోయి స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ మీద నడుస్తుంటే ఆ మోత ఏం చేసినా పోదు, కరెంటు వచ్చేదాకా ఆగండి.

ప్ర: పై బ్యాండులోనే ఇంకొకరి ప్రశ్న. పాత క్యాసెట్‌ను ఒక కంపెనీ విడుదల చేసింది. ఆ పాటలు మళ్ళీ వాయించవచ్చా? బ్యాండు వదిలేసిన మిత్రుడి వాటా ఏమిటి?

జ: పాట వేరు, రికార్డింగు వేరు. సౌండ్ రికార్డింగు మీద హక్కు దాన్ని తయారుచేయించిన నిర్మాతది. మన చట్టంలో విడుదలైన మరుసటి ఏడాది నుంచి 60 ఏళ్లు ఉంటుంది. కాబట్టి ఆ క్యాసెట్ మాస్టర్‌ను కంపెనీ రాతపూర్వక అనుమతి లేకుండా కొత్త ఆల్బంలో పెట్టకండి. సాహిత్యం, బాణీ హక్కులు రచయితలవి, వాళ్లు బతికున్నంతకాలం, ఆ తర్వాత 60 ఏళ్లు. అప్పటి ఒప్పందంలో వాటిని రాసివ్వకపోతే కొత్తగా వాయించి రికార్డు చేసుకోవచ్చు. ఆ కాగితం వెతికి లాయరుకు చూపించండి.

మిత్రుడు కట్టిన పాటల్లో ఆయన వాటా ఆయనదే, బ్యాండు వదిలేసినంత మాత్రాన పోదు. ఆల్బం మొదలుపెట్టకముందే పాటకొక పుట రాసి, ఎవరికెంత శాతమో వేసి, అందరూ సంతకాలు చేయండి. పాట హిట్టయ్యాక ఈ పని జరగదు. రచయితలు ఐపీఆర్‌ఎస్ (రాయల్టీలు వసూలు చేసిపెట్టే సంఘం)లో సభ్యులైతే ప్రసారాల రాయల్టీ అందుతుంది. ప్రతి ట్రాకుకూ ఐఎస్‌ఆర్‌సీ అనే అక్షరాలు, అంకెలు కలిసి 12 ఉండే కోడ్ కావాలి, పాటల్ని యాప్‌లకు చేర్చే డిస్ట్రిబ్యూటర్ ఇస్తాడు.

ప్ర: ఈ మధ్య వచ్చిన రాక్ ఆల్బంలు ఎల్పీలుగా కొంటున్నాను. ప్రతి పక్కా చివరి పాటకు వచ్చేసరికి గొంతు చిరచిరలాడుతోంది. కొన్నింటి మీద తెల్లటి మచ్చలూ పడ్డాయి. రికార్డులు నాసిరకమా?
– హిమాయత్‌నగర్ పాఠకుడు

జ: మొదటిది ఎల్పీ స్వభావం, మీ సూది దాన్ని పెంచుతోంది. రికార్డు నిమిషానికి 33⅓ చుట్లు తిరుగుతుంది. అంచు దగ్గర సూది కింద సెకనుకు దాదాపు 51 సెంటీమీటర్ల గాడి పోతుంది, లేబుల్ దగ్గరికి వచ్చేసరికి 21 మాత్రమే. అదే ‘స’కారం అక్కడ సగానికన్నా తక్కువ చోటులో ఇరుక్కోవాలి. గుండ్రటి కొన ఉన్న సూది ఆ మలుపుల్లో దూరలేదు. ఎలిప్టికల్ సూది వేయించండి. ప్రొట్రాక్టర్ కాగితంతో కార్ట్రిడ్జి కోణం, చిన్న డిజిటల్ త్రాసుతో బరువు సరిచూడండి. ఉదాహరణకు ఆడియో-టెక్నికా ఏటీ-వీఎం95ఈకి 2 గ్రాములు. తక్కువ పెడితే రికార్డు అరగదనుకోవడం పొరపాటు. తేలికైన సూది గాడిలో ఎగిరి గోడలకు కొట్టుకుంటుంది.

కొనేటప్పుడు నిడివి చూడండి. పక్కకు 18 నుంచి 22 నిమిషాలైతే సుఖం. 41 నిమిషాల ఆల్బం ఒక రికార్డుకు చక్కగా సరిపోతుంది. 48 నిమిషాలది ఒకే రికార్డు మీదకు ఎక్కితే పక్కకు 24, గాళ్లు ఇరుకై స్థాయి తగ్గుతుంది. 50 దాటినవి రెండు రికార్డులుగా ఉన్నవే తీసుకోండి.

తెల్ల మచ్చలు బోరు నీళ్లవి. మన బోరు నీళ్లలోని ఉప్పు ఆరిపోయాక గాడిలో గట్టిపడి చిటపటలాడుతుంది. డిస్టిల్డ్ వాటర్‌తో తడిపి, మైక్రోఫైబర్ గుడ్డతో గాడి వెంబడి తుడిచి, మళ్ళీ డిస్టిల్డ్ వాటర్‌తోనే కడగండి. లేబుల్ తడవనివ్వకండి. నిలువుగా పేర్చండి, ఒకదాని మీద ఒకటి పడుకోబెట్టకండి. మే నెలలో రికార్డు కొని కారులో వదిలి ఇంకో పనికి వెళ్లకండి. ఎండలో నిలిపిన కారు లోపల వేడికి వినైల్ మెత్తబడి అంచులు అలలు తిరుగుతాయి. వంగినదాన్ని ఇంట్లో సాపు చేయబోతే గాళ్లు చెడతాయి.

ప్ర: పబ్బుల్లో రాక్ షోలు చూసి వచ్చాక రాత్రంతా చెవుల్లో కీచుమంటోంది. పొద్దున్నకు తగ్గుతోంది. పట్టించుకోవాలా?
– సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, గచ్చిబౌలి

జ: తప్పకుండా. ఆ కీచు లోపలి చెవి దెబ్బతిన్నదనడానికి గుర్తు. పొద్దున్నకు తగ్గినా జరిగిన నష్టం మొత్తం పూడకపోవచ్చు. 85 డెసిబెల్ దగ్గర 8 గంటలు భరించవచ్చు. అక్కడినుంచి 3 డెసిబెల్ పెరిగినప్పుడల్లా సమయం సగమవుతుంది. 94 దగ్గర గంట, 100 దగ్గర 15 నిమిషాలు. ఏసీ/డీసీ గాయకుడు బ్రయన్ జాన్సన్ 2016లో వినికిడి పూర్తిగా పోతుందని డాక్టర్లు హెచ్చరించడంతో పర్యటన మధ్యలో ఆపేశాడు. మిగతా షోలు ఆక్సెల్ రోజ్ పాడాడు.

ఫోమ్ ప్లగ్‌లు పైస్థాయిల్ని ఎక్కువ మింగి పాటను మొద్దుబారుస్తాయి. సంగీతం కోసం చేసిన ఫిల్టర్ ఉన్న ప్లగ్‌లు 15 నుంచి 20 డెసిబెల్ సమంగా తగ్గిస్తాయి, గొంతు, సింబల్ స్పష్టంగానే ఉంటాయి. షో మొదలవకముందే పెట్టుకోండి. స్పీకర్‌కు ఎదురుగా కాకుండా సౌండు బల్ల వెనక నిలబడండి, మిక్సు కూడా అక్కడే బాగుంటుంది. కీచు రెండు రోజులు దాటినా, ఒక చెవిలోనే వస్తున్నా, మాటలు మూసుకుపోయినట్టు వినిపిస్తున్నా అదే రోజు ఈఎన్‌టీ డాక్టరు దగ్గర ఆడియోగ్రామ్ అనే వినికిడి పరీక్ష చేయించుకోండి. హఠాత్తుగా తగ్గిన వినికిడికి మందు మొదటి రోజుల్లోనే పనిచేస్తుంది.